బ్రేక్ ఆయిల్ మార్చని ఇంజనీరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువి కదరా, పిల్లలకి పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నాడు మన సంఘం కార్యదర్శి. ఇరవై ఏళ్ళుగా జర్మనీలో కార్ల బ్రేకుల పనిలో ఉన్నాను. అందుకని బ్రేకుల గురించే చెబుతాను. అందులో నా గొప్ప ఏమీ లేదు, నేను చేసిన తప్పే ఉంది. మధ్యలో వైను మాట కూడా వస్తుంది. బడి వేదిక కదా, మాస్టార్లు మన్నించాలి.

జర్మనీ పడమటి వైపు ఐఫెల్ అనే కొండల ప్రాంతం ఉంది. ఒకప్పుడు చాలా బీద ప్రాంతం. అక్కడి నిరుద్యోగులకు పని కల్పించడం కూడా ఒక ఉద్దేశంగా 1925లో ఒక రేసు బాట కట్టడం మొదలుపెట్టి, 1927లో తెరిచారు. అదే న్యూర్‌బుర్గ్‌రింగ్. అందులో ఉత్తరపు చుట్టు 20.8 కిలోమీటర్లు. అడవిలో ఎక్కుతూ దిగుతూ పోతుంది, పల్లానికీ మిట్టకీ మధ్య తేడా 300 మీటర్ల దాకా ఉంటుంది. 1976 ఆగస్టు 1న నికీ లౌడా కారు మంటల్లో చిక్కుకున్నది అక్కడే. ఆరు వారాలకే ఆయన మళ్ళీ రేసుకు దిగాడు గానీ, ఫార్ములా వన్ మాత్రం ఆ పాత చుట్టుకి మళ్ళీ రాలేదు.

రేసులు లేని కొన్ని రోజుల్లో ఆ బాటని మామూలు జనానికి వదులుతారు. చుట్టుకి ఇంత అని టికెట్టు కొనుక్కుని మన సొంత కారులో తిరగొచ్చు. అయితే అది రేసు కాదు, డబ్బు కట్టి వెళ్ళే ఒంటిదారి రోడ్డు. ఎడమ వైపు నుంచే దాటాలి, నెమ్మదిగా పోయేవాడు కుడి పక్కకి ఒదగాలి. గడియారం పెట్టి సమయం చూసుకోవడం నిషేధం. కమ్మీని గుద్దితే ఆ కమ్మీ ఖర్చు కూడా మనదే.

మూడేళ్ళ క్రితం సెప్టెంబరులో మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. శనివారం కారు, ఆదివారం తిండీ వైనూ అని ముందే అనుకున్నాం. స్టీరింగు పట్టే రోజున చుక్క ముట్టకూడదని వాడికి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. టైర్లలో గాలి చూశాను, చక్రాల బోల్టులు బిగించాను.

మొదటి రెండు చుట్లూ బాగా సాగాయి. మూడో చుట్టులో ఒక నిటారు దిగుడు ఉంది, కింద బ్రైడ్‌షైడ్ అనే ఊరి దగ్గర వంతెన. ఆ దిగుడులో బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేల దాకా పోయింది. కారు ఆగలేదు.

తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు గతిశక్తి చెప్పిన రోజు గుర్తుందా? సగం, ద్రవ్యరాశి, వేగం వర్గం. వేగం రెట్టింపయితే శక్తి నాలుగు రెట్లు. 1,400 కిలోల కారు గంటకి 144 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో ఉన్న శక్తి పదకొండు లక్షల జౌళ్ళ పైమాటే. కారు ఆపితే ఆ శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. దాంతో దాదాపు నాలుగు లీటర్ల నీళ్ళు మరిగించవచ్చు. ఆ చుట్టులో అలా బ్రేకు తొక్కేది ఒక్కసారి కాదు.

బ్రేక్ ఆయిల్‌కి గాలిలోని తేమ పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నాలుగు శాతం లోపు నీరు చేరినా అది 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రం దాకా పోతుంది. ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. అందుకే రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలంటారు. ఈ మాట నేను ఎందరికో పాఠంగా చెప్పాను. నా కారులో నాలుగేళ్ళుగా మార్చలేదు.

పెడలు టకటకా కొట్టి, గేరు రెండోదానికి దించాను. కొంచెం పట్టు దొరికింది. వంతెన దాటగానే ఎత్తు మొదలవుతుంది, ఆ ఎత్తే మమ్మల్ని కాపాడింది. కుడి వైపు సిగ్నల్ వేసుకుని, మిగతా దారంతా ఎడ్లబండిలా నడిపించి బయటపడ్డాం. కారు ఆగాక మావాడు అడిగింది ఒకటే మాట.

"నాన్నా, ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

జవాబు చెప్పలేకపోయాను. పక్క సీట్లో కూర్చున్నది నా కొడుకు.

ఆయిల్ మార్పించుకుని మర్నాడు అరగంట దూరంలోని ఆర్ నది లోయకి వెళ్ళాం. పలకరాతి కొండవాలు మీద ద్రాక్ష తోటలు. ఆ రాయి పగటి వేడి దాచుకుని రాత్రి తీగెలకి ఇస్తుంది. జర్మనీ అంటే తెల్ల వైను అనుకుంటాం, ఈ లోయలో ఎక్కువ ఎరుపే. పినో నోయర్ అనే ద్రాక్ష, అక్కడ దాన్ని ష్పేట్‌బుర్గుండర్ అంటారు. బంగాళదుంప తురిమి, ఉల్లిపాయ కలిపి ఇనప గిన్నెలో కాల్చిన వంట పెట్టారు. ఉల్లిపాయ రొట్టెతో పాటు ఇంకా పులుస్తూ ఉన్న కొత్త వైను పోశారు. పొద్దున్నే దించిన కల్లు లాగే తియ్యగా, చురుక్కుమంటూ ఉంది.

ఆ ఇంటి పెద్దాయన గోడ మీద ఒక గీత చూపించాడు. నా తల కన్నా ఎత్తులో ఉంది. 2021 జూలై 14 రాత్రి వచ్చిన వరద అది. ఆ లోయలో 130 మందికి పైగా పోయారు. నేలమాళిగల్లో బురద పట్టిన సీసాల్ని కడక్కుండా అలాగే అమ్మి, ఆ డబ్బు తోటల వాళ్ళని నిలబెట్టడానికి వాడారట. సహాయ సామగ్రి చేర్చిన పెద్ద కేంద్రం ఏదో తెలుసా? ముందురోజు మేం తిరిగిన ఆ రేసు బాటే.

ఆయన చెబుతుంటే నాకు మన బడి గుర్తొచ్చింది. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నాకు ఎనిమిదేళ్ళు. మా నాన్న నన్ను భుజాన వేసుకుని తెచ్చి దింపింది ఈ పాత భవనంలోనే. పది రోజులు ఇక్కడే గంజి తాగాం. పాఠాలు చెప్పడానికి కట్టిన గదులు ప్రాణాలు నిలబెట్టాయి. తర్వాత ఇదే గదిలో సైన్సు నేర్చుకున్నాను.

నిన్న ఆ భవనం చుట్టూ తిరిగి చూశాను. పైకప్పు కారుతోంది. మూల దూలంలో ఇనుము బయటపడి తుప్పు పట్టింది. "ఇంకో ఏడాది ఆగుతుందిలే" అన్నారొకరు. నా కారు గురించి నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. పెడలు మెత్తబడేదాకా ఏ లోపమూ కనిపించదు.

స్వర్ణోత్సవానికి తోరణం కడదామన్న ప్రతిపాదన ఉంది. సంతోషమే. ముందు ఆ కప్పు చూద్దాం. నిర్మాణ ఇంజనీర్లు మనలోనే నలుగురున్నారు, పరీక్ష చేసే పని వాళ్ళు తీసుకోవాలి. ఖర్చులో మొదటి భాగం నాది. వచ్చే వానాకాలం లోపల పని పూర్తి కావాలి.

కారు ఆయిల్ ఇప్పుడు ఏటా మారుస్తున్నాను. తారీకు మావాడే రాసిపెడతాడు, నన్ను నమ్మడు.