వాస్తుశిల్పుల దేశాటనము

దేశాటనము చాతుర్యమునకు మూలములలో ఒకటి యని మన పెద్దలు లెక్కించినారు. ఆ మాట ఎల్ల యాత్రికులకును వర్తించునా యని మాకు అప్పుడప్పుడు సందేహము కలుగుచుండును. మేము నివసించు రామంతాపూరులో విదేశములు చూచి రానివారి ఇల్లు నేడు అరుదు. కొడుకు అమెరికాలో ఉండును, కూతురు లండనులో ఉండును. బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు తిరుగుదారిలో పారిస్, రోము నగరములు కూడ చుట్టి వత్తురు. ఏమి చూచితిరని అడిగినచో చేతిలోని ఫోను తీసి వేయి బొమ్మలు చూపుదురు. ఒక్కొక్క మ్యూజియమునకు గంటన్నర. ఆ గంటన్నరలో నాలుగు వేల యేండ్ల చరిత్ర! మార్గదర్శకుడు ఎత్తిపట్టిన జెండా కనుమరుగు కాకుండ నడచుటతోనే వారికి సరిపోవును. వారిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. మోకాళ్ల నొప్పులతో అంతదూరము పోయి వచ్చుటే గొప్ప. అయినను, చూచి వచ్చిన దానిలో ఏమి మిగిలినదన్న ప్రశ్న మిగిలియే ఉండును.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి పల్లకీలో కాశికి బయలుదేరి మన హైదరాబాదు మీదుగానే సాగిపోయినారు. మరుసటి సంవత్సరము తిరిగి ఇల్లు చేరినారు. ఏ ఊర ఏ సరకు దొరకును, ఎచట బస చేయవచ్చును, దారి ఎట్లున్నది అను విషయములను వారు దినదినము వ్రాసియుంచిరి. అందుచేతనే ఆ యాత్ర ఈనాటికిని మనకు అక్కరకు వచ్చుచున్నది.

ఆ యాత్రకు సరిగా నూరేండ్ల పిమ్మట, 1930లో, హైదరాబాదు నుండి మరియొక యాత్ర బయలుదేరినది. దాని ఫలితము పుస్తకరూపమున గాక రాతిరూపమున నిలిచినది. మా రామంతాపూరు నుండి హబ్సిగూడ దాటి తార్నాక చేరినచో అది ఎంతో దూరము లేదు. ఒకప్పుడు తోటకు తీగకంచెయు, కాపలా నాకాయు ఉండుటచేత తార్నాక అను పేరు వచ్చినదని అచటి పాతవారు చెప్పుదురు. ఇప్పుడు కంచె లేదు, తోట లేదు; తల మీద మెట్రోరైలు పోవుచున్నది. అచటినుండి విశ్వవిద్యాలయ ఆవరణలో ప్రవేశించినచో చెట్ల నడుమ ఆర్ట్సు కళాశాల కనబడును.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైనది. దానికి తొలుత స్వంత భవనములు లేవు. అద్దె ఇండ్లలో తరగతులు నడచినవి. అడిక్‌మెట్టు భూములలో శాశ్వతముగా కట్టవలెనని నిశ్చయించిన తరువాత, నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అను ఇరువురు వాస్తుశిల్పులను విదేశములలోని విశ్వవిద్యాలయములను పరిశీలించి రమ్మని ప్రభుత్వము పంపినది. వారు ఐరోపా, అమెరికాలును, తుర్కీ, ఈజిప్టు దేశములును తిరిగినారు. కట్టడపు పని తెలిసినవారు చూచు చూపు వేరు. మనము గోడమీది బొమ్మను చూచుచుండగా వారు ఆ గోడ బరువు ఎచట దిగుచున్నది, వెలుతురు ఏ దిక్కు నుండి వచ్చుచున్నది, ఎండ ఎచట ఆగుచున్నది అని చూతురు.

ఈజిప్టులో వారికి ఎర్నెస్ట్ జాస్పర్ అను బెల్జియము దేశీయుడు తటస్థపడినాడు. కైరో నగరపు పొలిమేరలో ఎడారి యిసుకలో వెలసిన హెలియోపొలిస్ అను క్రొత్త పట్టణమున పెక్కు కట్టడములను ఆయన నిర్మించియుండెను. ఐరోపావాడయ్యును ఎండ దేశమునకు తగిన నీడలను, ఆ దేశపు కమానులను అభ్యసించినవాడు. ఆయనను హైదరాబాదునకు రప్పించినారు.

మాకు ఆశ్చర్యము గొలుపు ఘట్టము ఇదియే. ఇన్ని ఖండములు తిరిగిన పిమ్మట లండనులోని ఒక కళాశాలకో, అమెరికాలోని మరియొక దానికో నకలు దింపవచ్చును. ఆ రోజులలో అట్లు చేసినవారు పెక్కురు. ఇచట అట్లు జరుగలేదు. వచ్చిన విదేశీయుడు మన దేశపు పాత కట్టడములను తిరిగి చూచి, హిందూ ముస్లిము శిల్పరీతులు రెండును కలిసిన భవనము ఈ నేలకు తగునని తలచినాడు. ఎల్లోరా, అజంతా గుహలు అప్పటికి హైదరాబాదు సంస్థానములోనివే. ప్రపంచమంతయు చుట్టిన దారి తుదకు పెరటి గుహల కడకు చేరినది!

1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరు 4వ తేదీన నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ చేతిమీదుగా ఆ భవనము ప్రారంభమైనది. ఈసారి వెళ్లిన శ్రోతలు మెట్ల క్రింద ఒక నిమిషము ఆగి చూడవలెను. ప్రవేశద్వారమున ఉన్న ఎత్తయిన కమాను మొనదేలినది, ముస్లిము కట్టడముల రీతి. స్తంభములను, వాటి తలలమీది బోదికలను చూచినచో గుహాలయములు జ్ఞప్తికి వచ్చును. ఇవి వట్టి అలంకారములు కావు. స్తంభముపై దూలము వేసినచో బరువు నిట్టనిలువుగా క్రిందికి దిగును. కమానులో బరువు ఇరుప్రక్కలకును త్రోయుచు దిగును. ప్రక్కగోడ బలముగా లేనిచో కమాను విచ్చుకొనును. ఈ రెండు పద్ధతులను ఒకే భవనమున, చూచువానికి అతుకు తెలియకుండ పొందించుట సామాన్యమైన పని కాదు. ఇంతకును రాయి మన నేలలోని నల్లసేనపు రాయి జాతిదే, కొంచెము గులాబి వన్నె గలది.

ఒక్క ప్రశ్నను దాటవేయుట న్యాయము కాదు. ఆ ప్రయాణపు ఖర్చును, ఆ రాతిమేడ ఖర్చును భరించిన ఖజానా ఎవరిది? తెలుగు, మరాఠీ, కన్నడ రైతులు కట్టిన పన్నులతో నిండినది. విశ్వవిద్యాలయములో బోధన ఉర్దూలో. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట గొప్ప ప్రయోగమే, మేమును కాదనము. కాని సంస్థానములో మిగిలిన భాషలన్నిటికంటె ఎక్కువమంది ఇంటిభాష తెలుగు. 1938లో, ఈ మేడ ఇంకను లేచుచుండగనే, వందేమాతరము పాడినందుకు వసతిగృహముల విద్యార్థులు బహిష్కృతులై, పలువురు నాగపూరునకు పోయి చదువుకొనవలసివచ్చినది. రెండు శిల్పరీతులను అంత అందముగా కలిపిన చోటనే మనుష్యులను కలుపుట అంత సులభము కాలేదు. భవనమును మెచ్చుకొనునప్పుడు ఈ సంగతియు తెలిసియుండుట మేలు.

ఆ భూములకు ఇంకను పాత కథ కలదు. అడిక్‌మెట్టు ఒకప్పుడు మహ లఖా బాయి చందా జాగీరు. ఆమె 1768లో జన్మించి 1824లో మరణించిన ఉర్దూ కవయిత్రి. ఆమె పేర ఒక మెట్లబావి ఈ ప్రాంతముననే ఉన్నది. ఆమె తన గజళ్ల వ్రాతప్రతిని 1799లో జాన్ మాల్కమ్ అను స్కాట్లాండు దేశీయునకు కానుకగా ఇచ్చినది. అది ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో కలదు. తార్నాకలో కాపురముండువారు ఆమె బావిని చూడక, లండను పోయినప్పుడు ఆమె పుస్తకమును చూడక తిరిగి వచ్చుట మాకు కష్టముగా తోచును.

లండను మాట వచ్చినది గావున అమరావతి సంగతియు చెప్పవలెను. కృష్ణాతీరపు ఆ స్తూపమును 1797లో కాలిన్ మెకంజీ చూచినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ అచట త్రవ్వించినాడు. పెక్కు పలకలు 1859లో లండనునకు పోయినవి. నేడు బ్రిటిష్ మ్యూజియములో ప్రత్యేకమైన గదిలో అద్దముల వెనుక ఉన్నవి. మన తెలుగువారు ఆ గది ముందునుండియే ఈజిప్టు మమ్మీల కొరకు పరుగెత్తుటయు కలదు. మమ్మీ మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియములోనే ఉన్న సంగతి తెలియక! లండను పలకలను చూచినవారు చెన్నైలో ఎగ్మూరు మ్యూజియమునందలి పలకలను కూడ చూడవలెను. అటుపిమ్మట అమరావతికే పోయి, స్తూపము నిలిచిన మట్టిదిబ్బ చుట్టును ఒకసారి నడువవలెను. అప్పుడుగాని ఏ రాయి ఎచటిదో, ఆ కట్టడము ఎంతటిదో మనస్సునకు అందదు. మూడింటిలో ఏది ముందు చూచినను ఫరవాలేదు గాని, అమరావతికి బస్సు టిక్కెట్టు మిక్కిలి చవుక.