బోగీ అడిగే ముందు మన అవసరం రాసుకుందాం
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నాకు ఇచ్చిన అంశం పాత రైలు బోగీలు. పోయిన ఈసీ మీటింగులో కొంతమంది అక్కలు, "రైల్వే వాళ్లు పాత బోగీల్లో హోటళ్లు పెట్టిస్తున్నారంట, మన సమాఖ్య కూడా ఒక బోగీ తీసుకుని క్యాంటీన్ పెడితే ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఇంకొంతమంది, "ఆ ఇనప డబ్బా మనకెందుకు, ఆ డబ్బులతో గేదెలు కొనుక్కోవచ్చు" అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకని వివరాలు తెలుసుకుని మహాసభలో చెప్పమన్నారు. నేను పదో తరగతి చదివినదాన్ని. మా వీవో బుక్ కీపరూ నేనూ కలిసి దొరికిన సమాచారం చదివి, రాసుకుని తెచ్చాను.

ముందు ఇంగ్లాండు సంగతి చెప్తాను. ఎందుకంటే అక్కడ ఒక పాత రైలు విషయంలో ప్రభుత్వమే జనాన్ని పిలిచి, "ఈ బోగీ ఇస్తే మీరేం చేస్తారు?" అని అడిగింది.

ఆ రైలు పేరు పేసర్. 1980లలో అక్కడి రైల్వేకి డబ్బులు తక్కువగా ఉన్నప్పుడు, చిన్న ఊళ్ల లైన్ల మీద తిప్పడానికి తక్కువ ఖర్చులో తయారు చేశారు. ఎలా చేశారంటే, బస్సు బాడీలాంటి దాన్ని తెచ్చి రైలు చక్రాల మీద కూర్చోబెట్టారు. మన రైలు బోగీకి ఎనిమిది చక్రాలుంటాయి కదా, దానికి నాలుగే. అందుకని పట్టాల మీద ఎగిరెగిరి పడేది, వంపు తిరిగేటప్పుడు చెవులు పగిలేలా కీచుమనేది. జనం దానికి "తలాడించే గాడిద" అని పేరు పెట్టారు. సుమారు 20 ఏళ్లు నడుస్తుందనుకుని చేస్తే, 30 ఏళ్లు దాటినా అదే నడిచింది. ఉత్తర ఇంగ్లాండులో పనికి పోయేవాళ్లు, చదువుకునే పిల్లలు రోజూ దాన్నే తిట్టుకుంటూ ఎక్కేవాళ్లు. మన ఊరి డొక్కు బస్సును మనం తిట్టుకుంటూ ఎక్కినట్టే.

చివరికి దాన్ని ఎందుకు ఆపేశారో వినండి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, సరిగా నడవలేనివాళ్లు కూడా ఎక్కి దిగగలిగేలా, వాళ్లు వాడుకునే టాయిలెట్ ఉండేలా ప్రతి రైలూ ఉండాలని అక్కడ నిబంధన పెట్టారు. 2020 మొదటి నుంచి అది అమలు కావాలి. పేసర్ ఆ నిబంధనకు సరిపోలేదు. కొంత గడువు ఇచ్చినా, 2021 నాటికి అవి మామూలు సర్వీసు నుంచి పూర్తిగా తప్పుకున్నాయి.

చాలావాటిని తుక్కు కింద పంపారు. కొన్నిటిని పాత రైళ్లంటే ఇష్టమున్న సంఘాలు తీసుకున్నాయి. ఇంకొన్నిటి కోసం 2019లో ప్రభుత్వం ఒక పోటీ ప్రకటించింది. బోగీలు ఇచ్చింది పోర్టర్‌బ్రూక్ అనే కంపెనీ. అక్కడ రైళ్లు నడిపేవాళ్లు వేరు, రైళ్లు సొంతంగా ఉంచుకుని అద్దెకిచ్చేవాళ్లు వేరు. ఈ కంపెనీ అద్దెకిచ్చేది. 2020లో గెలిచినవాళ్ల పేర్లు చెప్పారు. వాళ్లలో ముగ్గురి గురించి చెప్తాను.

ఒకటి, ఎయిర్‌డేల్ ఆసుపత్రి. వార్డు బయట రోగులు, వాళ్ల ఇంటివాళ్లు కాసేపు కూర్చునే చోటు కావాలని అడిగారు. మందుల వాసన, మంచాలు లేని చోటు అన్నమాట. రెండు, డర్హమ్ జిల్లాలో కిర్క్ మెరింగ్టన్ అనే ప్రాథమిక పాఠశాల. పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసుకునే గది కావాలంది. మూడు, హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో రైల్వే స్టేషన్ పక్కనే పనిచేసే ప్లాట్‌ఫామ్ వన్ అనే స్వచ్ఛంద సంస్థ. మనసు బాగాలేక, కష్టాల్లో ఉండి వచ్చేవాళ్లకు అది అండగా ఉంటుంది. వాళ్లకు వంట నేర్పడానికి వంటగది కావాలంది.

అక్కల్లారా, ఈ ముగ్గురి దగ్గరా నాకు ఒకే సంగతి కనిపించింది. "రైలు బోగీ బాగుంటుంది, ఏదో ఒకటి చేద్దాం" అని వాళ్లు రాలేదు. లోపల ఎవరు కూర్చుంటారో ముందే తెలుసు. ఆ రోగులు, ఆ పిల్లలు, ఆ వంట నేర్చుకునేవాళ్లు అప్పటికే వాళ్ల దగ్గర ఉన్నారు. తక్కువైంది గది ఒక్కటే.

ఇప్పుడు మన దేశం సంగతి. మనకు బాగా తెలిసిన నీలం రంగు బోగీలు చెన్నై పెరంబూరులోని ఐసీఎఫ్ ఫ్యాక్టరీ రకం. ఆ పాత రకం తయారీ అక్కడ 2018లో ఆపేశారు. ఇప్పుడు వస్తున్నవి ఎల్‌హెచ్‌బీ రకం, ఎక్కువగా ఎర్ర రంగులో చూస్తున్నాం. మామూలుగా ఒక బోగీ ఆయుష్షు 25 ఏళ్లు అని లెక్క. కాబట్టి ఇంకా కొన్నేళ్ల పాటు పాత బోగీలు పక్కకు వస్తూనే ఉంటాయి. కొన్నిటిని కార్లు మోసే గూడ్స్ బోగీలుగా మారుస్తున్నారు. మిగతావి ఎక్కువగా తుక్కు వేలానికి పోతాయి.

వాటికి కొత్త పని చెప్పినవాళ్లూ ఉన్నారు. పశ్చిమ బెంగాల్‌లో అసన్‌సోల్ స్టేషన్ దగ్గర 2020లో రెండు పాత బోగీలను హోటల్‌గా మార్చారు. తర్వాత చాలా ఊళ్లలో పెట్టారు, మన హైదరాబాద్ కాచిగూడలో కూడా 2023లో వచ్చింది. మైసూరు అశోకపురంలో రైల్వే వర్క్‌షాప్ వాళ్లు పనికిరాని రెండు బోగీలను అక్కడి ప్రభుత్వ పాఠశాలకు గదులుగా చేసిచ్చారు. ఆ బడి ఉన్నది రైల్వే కాలనీలోనే, పని తెలిసినవాళ్లు ఉన్నదీ అక్కడే. పక్కనే అవసరం ఉంది, పక్కనే చేయి ఉంది. అందుకే కుదిరింది.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి. 2020లో కరోనా వచ్చినప్పుడు రైల్వే 5 వేలకు పైగా బోగీలను రోగుల వార్డులుగా మార్చింది. ఆపదలో చేసిన పని, తప్పు పట్టను. కానీ వాటిలో చాలావాటికి రోగులు రానేలేదు. ఇనప పెట్టె కాబట్టి ఎండాకాలం వేడి కూడా పెద్ద సమస్యే అయింది. మన దగ్గర మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైన కప్పు వేసి, గాలి ఆడే ఏర్పాటు లేకపోతే మధ్యాహ్నం బోగీ లోపల మనిషి కూర్చోలేడు.

ఇక మన సమాఖ్య సంగతికి వస్తాను. బోగీ తీసుకుందాం అంటే మనం నాలుగు లెక్కలు వేసుకోవాలి.

మొదటిది చోటు. పాత ఐసీఎఫ్ బోగీ పొడవు దాదాపు 70 అడుగులు, వెడల్పు పదడుగుల పైన. అంటే సుమారు 700 చదరపు అడుగుల గది. మంచి గదే. కానీ చక్రాలతో కలిపితే 35 టన్నుల పైన బరువు. క్రేను కావాలి, పొడవాటి ట్రైలర్ కావాలి. మన ఊరి రోడ్డు మలుపులో అది తిరుగుతుందా, కరెంటు తీగలు అడ్డం రావా, కింద దిమ్మె ఎవరు పోస్తారు? ఇవన్నీ బోగీ ధరలో లేని ఖర్చులు. రైల్వే స్థలంలోనే పెట్టే హోటల్ అయితే ఈ బాధ తక్కువ. అయితే అది సొంతం కాదు. వేలంలో పాడుకుని, కొన్నేళ్లకు లైసెన్సు తీసుకుని, ఏటా ఫీజు కట్టాలి. గడువు అయిపోయాక ఏమవుతుందో కాగితం మీద చదువుకుని సంతకం పెట్టాలి.

రెండోది డబ్బు. మాట వరసకు, బోగీ బాగు చేయడానికి, సామానుకు 5 లక్షలు అయ్యిందనుకుందాం. అసలు ఖర్చు ఎంతో అడిగితే గాని తెలియదు, ఇది లెక్క అర్థం కావడానికే. నూటికి రూపాయి వడ్డీ అయితే నెలకు 5,000 వడ్డీ. ఐదేళ్లలో అసలు తీరాలంటే నెలకు సుమారు 8,300. రెండూ కలిపి మొదటి నెలల్లో 13,300. సరుకులు, గ్యాసు పోను ప్లేటు ఇడ్లీ మీద మనకు 5 రూపాయలు మిగిలితే, ఈ కిస్తీకే రోజుకు దాదాపు 90 ప్లేట్లు అమ్మాలి. ఇందులో లైసెన్సు ఫీజు లేదు, కరెంటు బిల్లు లేదు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బే మన అక్కల కూలి లేదు. ఆ కూలి లెక్కలో రాయకపోతే లాభం వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ అది మన ఒంటి కష్టాన్ని మనమే వదులుకోవడం. ఇంట్లో ఎలాగూ అదే చేస్తున్నాం, ఇక్కడ కూడా వద్దు.

మూడోది మెట్లు. ఇంగ్లాండులో ఆ రైలును ఆపేసిందే అందరూ ఎక్కలేరని. మన బోగీ నేల పట్టాల నుంచి నాలుగడుగులకు పైనే ఉంటుంది. ప్లాట్‌ఫామ్ లేకుండా నేల మీద పెడితే ఆ ఎత్తు ఎక్కాలి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలని ర్యాంపుకు లెక్క. అంటే నాలుగడుగులకు 48 అడుగుల ర్యాంపు. చక్రాలు తీసేసి కిందికి దింపితే కొంత తగ్గుతుంది. మన సంఘాల్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మలు ఉన్నారు, దివ్యాంగుల సంఘాలు ఉన్నాయి, చంకలో బిడ్డతో వచ్చే చెల్లెళ్లు ఉన్నారు. ర్యాంపు సంగతి తర్వాత చూద్దాం అంటే వాళ్లు రావడం కూడా తర్వాతే అవుతుంది. కాబట్టి మొదటి అంచనాలోనే రాయాలి.

నాలుగోది భద్రత. ఇరుకు బోగీ లోపల గ్యాసు పొయ్యి వెలిగించడం మంచిది కాదని నా అభిప్రాయం. వంట బయట షెడ్డులో చేసి, లోపల వడ్డించాలి. సిలిండర్లు బయటే ఉండాలి. తలుపులు రెండు వైపులా తెరిచి ఉండాలి. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

ఇదంతా చెప్పి భయపెడుతున్నానని అనుకోకండి. నేను వద్దు అనడం లేదు. మన సమావేశాలకు ఇప్పటికీ సొంత గది లేదు, ఒక నెల బడి వరండా, ఒక నెల పంచాయతీ ఆఫీసు. సంత రోజున కూరగాయలు అమ్ముకునే అక్కలకు నీడ లేదు, టాయిలెట్ లేదు. బిడ్డను పడుకోబెట్టే చోటు లేక శిక్షణకు రాలేకపోయిన చెల్లెళ్లు ఉన్నారు. అవసరాలు మనకు కొదవ లేవు. కాకపోతే, వాటిలో ఏది బోగీతో తీరుతుంది, ఏది రేకుల షెడ్డుతోనే ఇంకా తక్కువలో తీరుతుంది అన్నది చూడాలి. షెడ్డుతో తీరేదానికి బోగీ ఎందుకు?

అందుకని సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. ప్రతి గ్రామ సంఘం వచ్చే నెల మీటింగులో ఒక్క అవసరం రాసి తీర్మానం చేయాలి. ఎవరికి, వారంలో ఎన్ని రోజులు, ఎంతమందికి అన్నది అందులో ఉండాలి. తీర్మానంలో "బోగీ" అన్న మాట రాయకండి. అవసరం రాయండి చాలు.

రెండు. క్యాంటీన్ కావాలనే అక్కలు ముందు చిన్నగా మొదలుపెట్టి చూడండి. రైల్వేలో 2022 నుంచి "ఒక స్టేషన్ ఒక ఉత్పత్తి" అనే పథకం ఉంది. విశాఖపట్నంలో ఏటికొప్పాక బొమ్మలు, తిరుపతిలో కలంకారీ అలా స్టేషన్లోనే అమ్ముతున్నారు. చేతిపనివాళ్లకు, పొదుపు సంఘాలకు నామమాత్రపు ఫీజుతో, వంతుల వారీగా స్టాలు ఇస్తారు. మన పచ్చళ్లు, అరిసెలు, జంతికలు అక్కడ పెట్టి, రోజుకు ఎంత అమ్మకం ఉందో పుస్తకంలో రాద్దాం. మన స్టేషన్లో కొనేవాళ్లు ఉన్నారా లేదా అన్నది ఆ పుస్తకమే చెప్తుంది.

మూడు. ఆ పుస్తకం, ఆ తీర్మానాలు చేతిలో పెట్టుకుని, ఏపీఎం గారి సాయంతో రైల్వే డివిజన్ ఆఫీసుకు వెళ్లి షరతులు అడుగుదాం. లైసెన్సు ఎన్నేళ్లు, ఫీజు ఎంత, మధ్యలో ఆపేస్తే ఎవరి నష్టం, మరమ్మతు ఎవరిది అని రాతపూర్వకంగా తీసుకుందాం. అవి వచ్చాక ఈసీలో లెక్క వేసి, అన్ని వీవోలూ ఒప్పుకుంటేనే సమాఖ్య నిధి ముట్టుకుందాం.

ఆ నిధి ఎక్కడిదో గుర్తు పెట్టుకోండి. నెలకు ఇంత అని, కూలి డబ్బుల్లోంచి, పాల డబ్బుల్లోంచి తీసి మనం కట్టిన పొదుపు. జనం తిట్టుకున్న రైలు కూడా సరైన చోట పెడితే ఒక బడికి గదిగా, ఒక ఆసుపత్రికి చావడిగా పనికొస్తుందని అక్కడివాళ్లు అనుకున్నారు. సరైన చోటు ఏదో చెప్పాల్సింది మనమే. వచ్చే మీటింగుకు మీ తీర్మానాలు తెస్తారని అనుకుంటున్నాను.