వేసవి విడిది: పేదపిల్లల పగటి బడి



ఏప్రిల్ మాసాంతమున బడి మూసి సెలవులిచ్చిరనగానే పిల్లలందరికిని ఒకే విధమైన సంతోషము కలుగునని తలచుట పొరపాటు. కలిగినవారి బిడ్డలకు అమ్మమ్మగారి యూరు కలదు, మామిడితోట కలదు. ఆదోనిలో పత్తిమిల్లుల చుట్టునున్న ఇరుకు సందులలోను, ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు వినవచ్చు వీధులలోను పెరుగు పిల్లలకు సెలవులనగా నేమి? రేకుల కప్పు క్రింది వేడిమి, చంటిబిడ్డను చంకనెత్తుకొని కాచుట, కండెలు చుట్టుట, సుగ్గికి పోయిన తల్లిదండ్రులు ఎప్పుడు తిరిగివత్తురా యని ఎదురుచూచుట. వీటికి తోడు, బడిలో దొరకు మధ్యాహ్నపుటన్నము కూడ ఆ దినములలో నిలిచిపోవును.

ఇది చిన్న సంగతి కాదు. ఈ రాష్ట్రమున బడులలో వండిన అన్నము పెట్టుట 2003లో ఆరంభమైనది. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కరవు ప్రాంతములలో వేసవి సెలవులందును పిల్లలకు ఆ భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించినది. సెలవులు ఆకలికి సెలవులు కావని దేశపు అత్యున్నత న్యాయస్థానమే గుర్తించినదన్నమాట. కరవు ఎరిగిన ఈ పడమటి సీమకు ఆ మాట వేరుగ చెప్పనక్కరలేదు.

పట్టణపు పేదపిల్లలను వేసవిలో చెట్లనీడకు గొనిపోవలెనను తలంపు నేటిది కాదు. 1876లో స్విట్జర్లాండునందలి జ్యూరిచ్ పట్టణమున వాల్టర్ బియోన్ అను మతగురువు 68 మంది పేదపిల్లలను సెలవులలో అప్పెంజెల్ కొండప్రాంతమునకు గొనిపోయెను. తరువాత ఐరోపా దేశములలో వ్యాపించిన సెలవు విడుదులకు అదియే మొదలు. అదే సంవత్సరమున బళ్ళారి, కర్నూలు సీమలను మహాక్షామము పట్టుకొన్నది. నాడు బళ్ళారి జిల్లాలోనిదైన ఆదోని తాలూకాలో బిడ్డలకు వలసినది కొండగాలి కాదు, గుక్కెడు గంజి. ఒకే యేటి లెక్కలో ఈ రెండు పద్దులును చేరియున్నవి. గంజి తరువాతనే గాలి యనునదే వానివలన తేలు నీతి.

1904లో బెర్లిను చెంతనున్న షార్లొటెన్‌బర్గులో మరియొక పద్ధతి ఏర్పడినది. బలహీనులైన పట్టణపు పిల్లలు ఉదయమున పైన్ చెట్ల వనములోని బడికి వచ్చి, అచటనే తిని, చదివి, విశ్రమించి, సాయంకాలమునకు ఇండ్లు చేరుచుండిరి. ఈ సీమకు తగిన పద్ధతి ఇదియే. కూలికి పోయి వచ్చిన తల్లి రాత్రి తన బిడ్డను తన ప్రక్కనే చూచుకొనగోరును; ఆడపిల్ల విషయమున మరింతగా గోరును. పగలు మాత్రమే జరుగు శిబిరమైనచో ఆమె సంశయింపదు.

తెలుగునాట శిబిరముల బలమును నిరూపించినవారును కలరు. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేరిట 1981లో వెలసిన సంస్థ 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో పనులకు పోవు పిల్లలను శిబిరములలో చేర్చి, చదువునకు అలవాటుచేసి, బడులకు పంపినది. ఆ కృషికి సారథ్యము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసేసే పురస్కారము లభించినది. గ్రంథాలయములకును ఈ పని క్రొత్త కాదు. రాష్ట్ర గ్రంథాలయములలో వేసవి శిబిరములు నడుచుట, కథలు చెప్పించుట, బొమ్మలు గీయించుట అందరును ఎరిగినదే. ఇక చేయవలసినది ఒక్కటి: గ్రంథాలయపు గడపను చెరువుగట్టు దాక జరుపుట. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకములను పడవకెక్కించి కృష్ణాడెల్టా కాలువ వెంట పాఠకులకడకు పంపిరి. అచట పుస్తకము నీటిపై కదలినది. ఇచట పాఠకుడు నేలపై నడచిన చాలును.

ఎండిన ఈ నేలలో బిడ్డలకు చూపదగినదేమున్నదని కొందరడుగవచ్చును. భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత యదురాజునకు తన గురువులు ఇరువదినలుగురని చెప్పెను. భూమి, గాలి, ఆకాశము, తేనెటీగ, సాలెపురుగు ఆ గురువులలోనివే. వీటిని రాజాస్థానమున వెదకనక్కరలేదు. ఇవన్నియు ఆదోని కొండల చుట్టును ఉన్నవే.

మేనెలలో నల్లరేగడి చేను నోరు తెరచుకొనియుండును. ఈ మన్ను తడిసిన ఉబ్బును, ఎండిన ముడుచుకొనును. అందువలన బీటలు వారును. పైమన్ను పొడియై ఆ బీటలలోనికి జారును. అందుచే రేగడి తనను తానే దున్నుకొను నేల యని పేరు. ఒక పిల్లవాడు కందికట్టె బీటలోనికి దింపి ఎంతలోతు దిగినదో జానలతో కొలిచినచో భూమిశాస్త్రములో ఒక పాఠము ముగిసినట్లే.

ఈతచెట్లకును తుమ్మకొమ్మలకును నిరుటి గిజిగాని గూళ్ళు వ్రేలాడుచుండును. మగపక్షి గడ్డియాకులనుండి సన్నని పీలికలు చీల్చి ముక్కుతో ముడులువైచి అల్లును. గూడు సగమైనప్పుడు ఆడపక్షి వచ్చి పరీక్షించును. మెచ్చినచో తక్కినది పూర్తియగును, మెచ్చనిచో అట్లే విడువబడును. రాలిన గూడొకటి చేతికిచ్చి చూడుడు. ఎమ్మిగనూరు మగ్గపుటింటి బిడ్డ దానిని త్రిప్పి చూచి, ఏ పోగు దేనిమీదుగా పోయినదో తక్కినవారికి చెప్పగలదు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పి, 1954లో పద్మశ్రీ పొందిన యూరది. ఆ బిడ్డ వ్రేళ్ళకు తెలిసిన విద్యను బడి ఇంతవరకు అడుగలేదు. చెట్టుక్రింద అడిగిననాడు, వెనుకబల్లపై మౌనముగ కూర్చున్న ఆ బిడ్డయే ఉపాధ్యాయురాలగును. కనుక ఈ విడిది దానము కాదు. పేదపిల్లలను పిలిచి జాలి చూపుట కాదు, వారి తెలివికి పీట వేయుట.

పని సులభమే, అజాగ్రత్త మాత్రము పనికిరాదు. ముప్పదిమంది పిల్లలకు నలుగురు పెద్దలుండవలెను, వారిలో ఇద్దరు స్త్రీలు కావలెను. ఎండ నలువది డిగ్రీలు దాటు దినములివి. కావున ఉదయము ఆరుగంటలకు బయలుదేరి, ఉగ్గాని తినిపించి, తొమ్మిదింటిలోపున నడక ముగింపవలెను. పిదప వేపనీడలోనో గ్రంథాలయములోనో కథలు, పుస్తకములు, బొమ్మలు. మధ్యాహ్నము కడుపునిండ అన్నము, మజ్జిగ, కొంత నిద్ర. కుండనీరు తరుగరాదు. కాలువలలోను, రాళ్ళు తీసిన గుంటలలోను ఈతకు దిగనీయరాదు. రాతిసందులలో చేయి పెట్టరాదని మొదటి దినముననే చెప్పవలెను. ఊరిపిల్లలును వారితో కలసి కూర్చుండవలెను. లేనిచో వచ్చినవారు పరాయివారుగనే మిగిలిపోదురు.

గ్రామపు లెక్కలలో అడంగలు అనునది కలదు. ఏ సర్వే నెంబరులో ఏ పంట యున్నదో పొలమునకు పోయి, కన్నులతో చూచి వ్రాయవలసిన లెక్క యది. చావడిలో కూర్చుండి వ్రాసిన అడంగలు దొంగలెక్క యగును. పిల్లలచేతను అటువంటి పుస్తకమొకటి వ్రాయింపవచ్చును: ఏ గట్టున ఏ చెట్టు, ఏ దినమున ఏ పూత, ఏ బావిపై ఏ పక్షి. చూచినదే వ్రాయవలెను, చూడనిది వ్రాయరాదు. సత్యమును అభ్యసించుటకు ఇంతకన్న సులువైన బడి లేదు.

ఈ పుస్తకమునకు మరియొక ప్రయోజనము కలదు. ఈ మెట్టభూములలో తిరుగాడిన బట్టమేకపక్షి కొరకు 1988లో రోళ్లపాడును అభయారణ్యముగా ప్రకటించిరి. అయినను నేడు ఆ పక్షి కనబడుటయే మిక్కిలి అరుదు. కాపాడదలచిన పక్షియే ఇట్లు కనుమరుగగుచుండగా, పేరైనను తెలియని వాటి గతి ఏమి? పేరెరిగి పిలుచు పిల్లలు పెరిగిననే వాటికి ఊరిలో ఒక ఆప్తుడున్నట్లు.

గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. బీరువాలలోని పుస్తకములను ఇంతకాలము చెదలనుండి కాపాడినవారు ధన్యులు. ఇకమీదట ప్రతి వేసవిని ఒక వారము, పట్టణపు సందులనుండి ముప్పదిమందికి కబురు పంపి, చెరువుగట్టున చాపలు పరచుట ఈ సభ చేపట్టదగిన పని. సాయంకాలము ఇల్లు చేరిన బిడ్డను తల్లి, అన్నము తింటివా యని మొదట అడుగును, ఏమి చూచితివని పిదప అడుగును. ఆ రెండు ప్రశ్నలకును బిడ్డ సంతోషముతో జవాబు చెప్పగలిగిననాడు ఈ రజతోత్సవము సార్థకమైనదని భావింపవచ్చును.