అచ్చు వేసే ముందు అడగండి

ఈ రోజు మీరు ఫొటోగ్రఫీ, అప్లైడ్ ఆర్ట్, ప్రింటింగ్ పట్టాలు అందుకుంటున్నారు.

ఇలాంటి వేదికల మీద మామూలుగా శాస్త్రవేత్తలో, పెద్ద కంపెనీల అధిపతులో మాట్లాడతారు. నేను ఒక చిన్న పట్టణంలో, బస్టాండు దగ్గర, ముందు గదిలో స్టూడియో, పక్క గదిలో డీటీపీ, వెనక రేకుల షెడ్డులో మినీ ఆఫ్‌సెట్ మిషను పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. పాస్‌పోర్టు ఫొటో నుంచి పెళ్ళి ఆల్బమ్ దాకా, విజిటింగ్ కార్డు నుంచి ఫ్లెక్సీ దాకా అన్నీ చేస్తాం. మీలో కొందరు ఏజెన్సీలకు, సినిమాలకు వెళ్తారు. కొందరు సొంత ఊళ్ళోనే షట్టరు ఎత్తుతారు. నా మాటలు ముఖ్యంగా ఆ షట్టరు ఎత్తేవాళ్ళకి.

కెమెరా పట్టడం, పేజీ కట్టడం, రంగులు కలపడం మీకు ఇక్కడ నేర్పారు. చేతిలో పని లేనిదే షాపు తెరవలేం. కానీ తెరిచిన షాపు మూతపడకుండా కాపాడేవి మాత్రం కౌంటర్ దగ్గర మనం అడిగే ప్రశ్నలు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఇదొక్కటే: పని మొదలెట్టే ముందు అడగండి.

పెళ్ళి కార్డు సంగతే చూడండి. పెళ్ళికూతురి తండ్రి లగ్నపత్రిక తెచ్చి కౌంటర్ మీద పెడతాడు. ముహూర్తం బుధవారం రాత్రి 2 గంటల 35 నిమిషాలకు. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా నడుస్తుంది కాబట్టి పురోహితుడికి అది బుధవారమే. కల్యాణమండపం బుకింగుకీ, రైలు టిక్కెట్టు తీసుకునే బంధువుకీ అర్ధరాత్రి దాటితే గురువారం. మీరు ఏదో ఒక తారీఖు వేసి ఊరుకుంటే, తాళి కట్టడం అయిపోయాక దిగే చుట్టాలు కొందరుంటారు. అందుకే మన శుభలేఖల్లో ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అని రాసే పద్ధతి ఉంది. అది రాసినా సరే, ‘బాబాయ్ గారూ, విందు ఏ పూట? బుధవారం రాత్రా, గురువారం మధ్యాహ్నమా?’ అని అడగండి. ఆయన ఒక్క నిమిషం ఆగి, ఇంటికి ఫోన్ చేసి కనుక్కుని మరీ చెబుతాడు. ఆ ఫోన్ చేయించడమే మీ పని.

అదే కార్డులో ఇంకో గండం ఉంది. పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి కొత్త కార్డు తయారుచెయ్యడం అన్ని షాపుల్లో ఉన్నదే. అలా మార్చేటప్పుడు పాత తాతగారి పేరు ముందున్న ‘కీ.శే.’ కొత్త తాతగారికి అంటుకుంటుంది. ఆయన నిక్షేపంగా ఉండి, కార్డులు పంచడానికి బయల్దేరేది ఆయనే అయితే మీ షాపు పేరు ఊరంతా మోగిపోతుంది. ప్రూఫు మీద సంతకం పెట్టించుకుంటే సరిపోతుందనుకోకండి. పెళ్ళివారు ప్రూఫులో వినాయకుడి బొమ్మ చూస్తారు, రంగు చూస్తారు, పేర్లు చదవరు. మీరే పైకి చదవండి, వాళ్ళను వినమనండి. ఇంటిపేర్లు, వరసలు, ఫోన్ నంబర్లు అంకె అంకె వినిపించండి. ‘అయ్యో, మా పెద్దబావ పేరు లేదే!’ అనే కేక అచ్చుకు ముందు వినపడితే అదృష్టం, తర్వాత వినపడితే పేపరు దండగ. కాగితం ఎంచేటప్పుడు ఇంకో ప్రశ్న ఉంది: ‘నాలుగు మూలలా పసుపు పెడతారా?’ నిగనిగలాడే లామినేషన్ మీద తడి పసుపు సరిగ్గా అంటదు. పెళ్ళికొడుకు మెరుపు కావాలంటాడు, వాళ్ళమ్మ పసుపు నిలవాలంటుంది. మీరు అడిగితే ఆ తగువు వాళ్ళింట్లో తేలుతుంది, అడక్కపోతే మీ కౌంటర్ మీదికొస్తుంది.

పాస్‌పోర్టు ఫొటో మన షాపుల్లో అన్నిటికంటే చిన్న పని. దానికీ ఒక ప్రశ్న ఉంది: ‘ఏ దేశానికి?’ మన పాస్‌పోర్టుకు 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. అమెరికా వీసాకు నలుచదరంగా 51కి 51, వెనక తెల్లగా ఉండాలి, ఫొటో ఆరు నెలల లోపు తీసిందై ఉండాలి. 2016 నవంబరు నుంచి కళ్ళజోడుతో తీసిన ఫొటో వాళ్ళు ఒప్పుకోవడం లేదు. ‘అంకుల్, కొంచెం తెల్లగా చెయ్యండి’ అని అడిగే అబ్బాయికి, ముఖం మార్చిన ఫొటో పనికిరాదని ముందే చెప్పండి. మన జిల్లాల నుంచి ఏటా ఎంతమంది పిల్లలు అమెరికా చదువులకు వెళ్తున్నారో మీకు తెలుసు. వీసా అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి చూసినవాడికి ఫొటో దగ్గర ఆటంకం వస్తే, ఆ కుటుంబం మళ్ళీ మీ గుమ్మం తొక్కదు.

మన గుమ్మం తొక్కనివాళ్ళు ఎవరు, ఎందుకు తొక్కడం లేదు? ఇది కూడా అడగాల్సిన ప్రశ్నే. మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన ఫొటోగ్రాఫర్ దీన్‌దయాళ్ సంగతే చూడండి. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. తర్వాత హైదరాబాద్ వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యారు. నిజాం నుంచి రాజా బిరుదు పొందారు. సికింద్రాబాద్ స్టూడియోకు దొరలు, నవాబులు వచ్చేవారు. పరదా పాటించే ఇళ్ళ స్త్రీలు మాత్రం మగ ఫొటోగ్రాఫర్ ముందుకు వచ్చేవారు కాదు. దీన్‌దయాళ్ 1892లో వాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఓ ఆంగ్ల మహిళకు అప్పగించారు. అప్పటిదాకా స్టూడియో మెట్లెక్కని ఆడవాళ్ళు ఫొటో తీయించుకోగలిగారు. ఇవాళ మీ ఊళ్ళో అలా ఆగిపోతున్నవాళ్ళు ఎవరు? మెట్లెక్కలేని పింఛనుదారులు. స్టూలు మీద కూర్చోలేని పసికందులు. నేల మీద తెల్లదుప్పటి పరిచి, బిడ్డను పడుకోబెట్టి, పైనుంచి తీస్తే పాస్‌పోర్టు ఫొటో అయిపోతుంది. ఆ దుప్పటి శుభ్రంగా ఉతికి ఉంటే ఆ తల్లి ఇంకో పదిమందికి మీ షాపు చెబుతుంది.

ఇక సరుకు దగ్గరికి వద్దాం. పేపరు కొట్లో ‘రీము ఎంత?’ అని ఒక్కటే అడక్కండి. ‘రీము ఎన్ని కిలోలు?’ అని కూడా అడగండి. 23కి 36 అంగుళాల సైజులో 70 జీఎస్‌ఎం మాప్‌లితో కాగితం 500 షీట్ల రీము సుమారు 18.7 కిలోలు తూగాలి. 60 జీఎస్‌ఎం అయితే సుమారు 16 కిలోలు. మీకు చౌకగా వచ్చిందనుకున్న రీము నిజంగా చౌకో, పల్చనో కాటా చెబుతుంది. కస్టమరు ఫైలు తెస్తే ‘ఏ ఫాంట్లో కొట్టారు?’ అనండి. అను ఫాంట్లో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలవుతుంది. యూనికోడ్‌లో కొట్టింది కూడా పాత పేజ్‌మేకర్‌లోకి తెస్తే సరిగ్గా రాదు. ‘ఫోన్లో చూసిన రంగు రావాలి’ అన్నవాళ్ళకి, ఫోను వెలుగుతో రంగు చూపిస్తుందనీ, మిషను నాలుగు సిరాలతో వేస్తుందనీ వివరించి, ఒక షీటు తీసి చూపించి, ‘ఇది సరేనా?’ అనండి. సరే అన్నాకే మిగతాది.

మిషను కొనే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇంకా కటువుగా ఉంటాయి. ముద్ర రుణం శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా వస్తుంది. అప్పు దొరకడం కష్టం కాదు, కొన్న మిషనుకు మేత పెట్టడం కష్టం. మన వ్యాపారం పంచాంగం చేతిలో ఉంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. ఆషాఢం వచ్చిందా, గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందా, ఈగలు తోలుకోవాలి. ఈఎంఐకి మాత్రం ఆషాఢం ఉండదు, మూఢం ఉండదు. ఒకడు ఫ్లెక్సీ మిషను కొని నాలుగు డబ్బులు చేసుకుంటే, ఆ వీధిలోనే ఇంకో ముగ్గురు కొంటారు. తర్వాత నలుగురూ చదరపు అడుగు రేటు తగ్గించుకుంటూ పోతారు. 2022 జులై నుంచి కేంద్రం 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్లను నిషేధించింది. ఆ ఆగస్టులోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీల మీదే నిషేధం ప్రకటించింది. అప్పుచేసి మిషన్లు కొన్నవాళ్ళకు ఆ రోజుల్లో నిద్ర పట్టలేదు. కాబట్టి కొనే ముందు అడగండి: పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఈ మిషను ఏం తింటుంది? బిల్లు పుస్తకాలా, స్కూలు డైరీలా, మందుల షాపు కవర్లా? జవాబు లేకపోతే పెద్ద పనులు బయట చేయించుకోండి. అందులో సిగ్గేమీ లేదు. ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ప్రగతి ప్రెస్సు కూడా పరుచూరి హనుమంతరావు గారు 1962లో హైదరాబాద్‌లో చిన్నగా మొదలుపెట్టిందే.

డబ్బు ఎప్పుడిస్తారు అని అడగడానికి మనవాళ్ళు మొహమాటపడతారు. ఆల్బమ్ పనిలో ఇది మరీ ప్రమాదం. పెళ్ళయిన వారానికి వేల ఫొటోలు చేతికిస్తాం. ‘సెలెక్షన్ చేసిస్తాం’ అని తీసుకెళ్తారు. అమ్మాయి బెంగళూరులో, అబ్బాయి డాలస్‌లో ఉంటారు, ఏడాది తిరుగుతుంది, సీమంతం ఆర్డరు వస్తుంది, పెళ్ళి బాకీ అలాగే ఉంటుంది. అడ్వాన్సు ఎంత, పెళ్ళి రోజు ఎంత, ఆల్బమ్ అచ్చుకు వెళ్ళే ముందు ఎంత, సెలెక్షన్‌కు గడువెంత? ఇవి ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. మొదట మొహమాటం ఉంటే చివర తగువు ఉంటుంది.

ఆ కాగితం మీదే ఇంకో వాక్యం ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళది. బటన్ నొక్కింది మీరే అయినా సరే. పెళ్ళికూతురి ఫొటో మీ ఇన్‌స్టాలో పెట్టినా, షాపు బోర్డు మీద వేసుకున్నా ముందు అడిగి, రాయించుకోవాలి. ‘మీ అమ్మాయి ఫొటో చాలా బాగా వచ్చిందండీ, పెట్టుకోవచ్చా?’ అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ళకి కారణం ఉంటుంది, అది మనకు చెప్పనక్కర్లేదు.

ఎన్నికలొస్తే మన ప్రెస్సులకు పండగ. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షను గుర్తుపెట్టుకోండి. అభ్యర్థికి అనుకూలంగానో, వ్యతిరేకంగానో వేసే కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. వేయించుకునేవాడు, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరి సాక్షి సంతకాలతో రెండు ప్రతుల్లో డిక్లరేషన్ ఇవ్వాలి. అచ్చయ్యాక డిక్లరేషన్ ప్రతి ఒకటి, కరపత్రం ఒకటి జిల్లా మెజిస్ట్రేటుకు పంపాలి. రాష్ట్ర రాజధానిలో అచ్చువేస్తే ప్రధాన ఎన్నికల అధికారికి. చేత్తో రాయడం తప్ప ప్రతులు తీసే ఏ పద్ధతైనా చట్టం దృష్టిలో ముద్రణే. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అర్ధరాత్రి బైకు మీద వచ్చి ‘పేరు వెయ్యొద్దన్నా, డబుల్ ఇస్తాం’ అనేవాణ్ణి మీరు ఒక్కటే అడగండి: ‘నీ పేరు వేసుకోలేని కాగితం నా మిషను మీద ఎందుకు?’

మీ తరానికి కొత్త భయం ఒకటి ఉంది. బొమ్మ కావాలంటే కంప్యూటరుకు నాలుగు మాటలు చెబితే చాలు, వచ్చేస్తోంది. ప్రతి ఇంట్లోనూ మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది. ఇక మన అవసరమేముందని అడుగుతారు. బొమ్మ చవకైన మాట నిజమే. కానీ విందు ఏ పూటో ఆ కంప్యూటరు తనంతట తాను అడగదు. తాతగారు బతికున్నారో లేదో దానికి పట్టదు. రేపు తప్పు జరిగితే షట్టరు ముందుకొచ్చి నిలదీయడానికి దానికి షట్టరు లేదు. కొత్త పనిముట్లన్నీ వాడండి, మేమూ వాడుతున్నాం. బాధ్యత మాత్రం మీ దగ్గరే పెట్టుకోండి. కస్టమరు డబ్బిచ్చేది ఆ బాధ్యతకే.

చివరగా, కాదనడం కూడా నేర్చుకోండి. సర్టిఫికెట్ మీద తారీఖు మార్చమని ఒకడొస్తాడు. ఆధార్‌లో పుట్టిన సంవత్సరం దిద్దమని ఇంకొకడు. ఎవరో అమ్మాయి ఫొటో తెచ్చి పక్కన తన ఫొటో అతికించమని మరొకడు. ఈ పనులన్నీ మీకు రెండు నిమిషాల్లో వచ్చు, మీ చదువే అది. ‘ఎందుకు?’ అని అడగండి. నీళ్ళు నమిలితే పంపించెయ్యండి. మనం వేసే ప్రతి కార్డు అడుగున చిన్న అక్షరాల్లో షాపు పేరు వేసుకుంటాం. అలా పేరు వేసుకోగలిగిన పని చెయ్యండి, వేసుకోలేనిది వదిలెయ్యండి. చిన్న ఊళ్ళో పరువు నిలబెట్టుకోవడానికి ఇంతకంటే తేలికైన లెక్క నాకు తెలియదు.

మీ అందరికీ శుభాకాంక్షలు. పనిలో పని, మీ చేతికొచ్చిన పట్టాలో ఇంటిపేరు, తండ్రిగారి పేరు, సంవత్సరం సరిగ్గా పడ్డాయో లేదో ఇక్కడే ఒకసారి పైకి చదువుకోండి. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా, హాలు దాటకముందే అడగండి. ఉపకులపతి గారు ఏమీ అనుకోరు.