సగటు చాటున త్రిభుజం



పట్టాలు అందుకుంటున్న మీకు భారీ పదవుల గురించి నేను చెప్పలేను. నాకు తెలిసింది భారీ అయాన్లే, అంటే బరువైన పరమాణు కేంద్రకాలే.

అమెరికాలో లాంగ్ ఐలండ్ మీద బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల ఉంది. 2000 నుంచి అక్కడ 3.8 కిలోమీటర్ల చుట్టు ఉన్న యంత్రంలో బంగారు కేంద్రకాలను ఎదురెదురుగా ఢీకొట్టించారు. అక్కడ పుట్టే వేడి దాదాపు 4 లక్షల కోట్ల డిగ్రీలు. ఆ వేడికి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు, గ్లూవాన్లుగా విడిపోతాయి.

కేంద్రకాలు నేరుగా తగిలాయా, పక్కకు జరిగి తగిలాయా అన్నది చూడటం ఎవరి తరమూ కాదు. బయటపడ్డ కణాలను లెక్కపెట్టి పసిగట్టాలి. వేలల్లో వస్తే నేరుగా తగిలినట్టు, బాగా తగ్గితే అంచులు రాసుకున్నట్టు. కాస్త పక్కగా తగిలితే రెండూ కలిసిన మేర బాదంపప్పు ఆకారంలో ఉంటుంది. పప్పు వెడల్పు తక్కువున్న దిశలో ఒత్తిడి త్వరగా పడిపోతుంది కనుక కణాలు అటే ఎక్కువగా దూసుకొస్తాయి. ఆ తేడా ఎంత బలంగా కనిపించిందంటే, ఆ క్వార్కుల, గ్లూవాన్ల ముద్ద వాయువు కాదు, జిగట దాదాపు లేని ద్రవమని 2005లో ప్రకటించారు.

నాకు అంతకంటే ఇష్టమైన ముచ్చట ఆ తర్వాతిది. బాదం ఆకారం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి మూడు దిక్కులుగా పొంగే ప్రవాహం సున్నా అని దాదాపు అందరూ కొట్టిపారేశారు. సగటు కేంద్రకానికి ఆ లెక్క సరైనదే. కానీ ఢీకొనేది సగటు కాదు కదా! ఆ క్షణాన బంగారు కేంద్రకంలోని 197 ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఎక్కడెక్కడ గుమిగూడాయో అదే ఢీకొంటుంది. కణాలు వెలువడే దిశల డేటాలో వింత గుట్టలు కనబడితే, ధ్వనిని మించిన వేగం రేపే అలల శంకువుల దాకా వివరణలు వెతికారు. 2010లో బురాక్ అల్వర్, గుంథర్ రోలాండ్ అవి ఆ మూడు దిక్కుల ప్రవాహపు, అంటే త్రిభుజ ప్రవాహపు గుర్తులని చూపారు. అందుకు కొత్త యంత్రమేదీ కట్టలేదు. డేటా అప్పటికే ఉంది.

ఇప్పుడు ఇదే పద్ధతి తిరగబడింది. ప్రవాహాన్ని చూసి కేంద్రకం ఆకారం చెబుతున్నారు. యురేనియం సాగి ఉందని 2024లో అలాగే కొలిచారు. అదే పరీక్షకు వీలుగా 2025 జులైలో ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో ఆక్సిజన్, నియాన్ కేంద్రకాలను ఢీకొట్టించారు.

ఉన్న డేటాలో వెతకడానికి మీకూ దారి ఉంది: సెర్న్‌లో సీఎంఎస్ అనే ప్రయోగపు బృందం పాత సీసం కేంద్రకాల ఢీల డేటాను అందరికీ తెరిచి పెట్టింది. దించుకోవడానికి ఏ ఆచార్యుడి సంతకమూ అక్కర్లేదు, ఇవాళ మీకిస్తున్న పట్టా కూడా అక్కర్లేదు.