బురదలో దిగబడిన ట్యాంకు



యుద్ధట్యాంకు నమూనా చేయుట పిల్లల ఆటయని తలచువారు కలరు. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద జరిగిన పోరును బల్లమీద నిలపదలచిన కెలవరపల్లి విద్యార్థి చరిత్రతోపాటు నేలను కూడా చదువవలసి ఉంటుంది. అక్కడ భారతసైన్యం పొలాలకు నీరు వదలగా, సుమారు 45 టన్నుల ప్యాటన్ ట్యాంకులు చెరకుతోటల బురదలో దిగబడినవి. జీపుపై అమర్చిన ఫిరంగితో వాటిని ఎదుర్కొన్న హవల్దార్ అబ్దుల్ హమీద్ ఆ రణభూమిలోనే అసువులు బాసినాడు. పరమవీరచక్ర మరణానంతరం లభించింది.

ముప్పదియైదింట ఒక వంతు కొలతలో మూడున్నర మీటర్ల వెడల్పు 10 సెంటీమీటర్లగును. భాగములు అతికించి రంగు వేయుట సులభమే. కష్టమంతా ఆపైననే. కొత్తగా మెరిసే ట్యాంకు యుద్ధం చూడనిదిగానే కనిపిస్తుంది. నలుపు, గోధుమ రంగులను బాగా పలుచన చేసి పూసినచో అతుకులలోను, మరమేకుల చుట్టూ నిలుస్తాయి. కుంచెను గుడ్డకు తుడిచి, దాదాపు ఎండిన కొనతో అంచులను తాకినచో అరిగిన ఇనుము బయటపడుతుంది. బురద గొలుసుపట్టాలకు, చక్రాలకు దట్టంగా పట్టాలి. పైభాగాన చిందులే చాలును. ఉత్సాహం కొద్దీ అంతటా పూసేవారే ఎక్కువ!

కెలవరపల్లి జలాశయం దిగువనున్న ఎర్రమట్టి జల్లించి జిగురుతో కలిపితే చక్కగా అంటుతుంది. కాని అది దక్షిణ పినాకిని సీమ మట్టి. పంజాబు నేల నదులు తెచ్చిన ఒండ్రు. బూడిదవన్నె కలసిన గోధుమరంగు. సొంతూరి మట్టిపై మమకారమెంతయున్నను ఆ పీఠంపై దానికి చోటు లేదు. చెరకు ఆకులకు పచ్చకాగితపు చీలికలు చాలును. ట్యాంకు మూత తెరచియుండాలి. దిగిపోయినవారి అడుగుజాడలు ఆ బురదలోనే తోటవైపు సాగాలి.