ఈ ఖాతాకు జాయింటు హోల్డరు ఉండరు
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభలో మార్కుల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడడం ఆనవాయితీ. అవి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. అందుచేత నాకు అలవాటైన జమాఖర్చుల భాషలోనే ఒంటి బరువు గురించి, ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాను.

కామాటిపురాకు ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలందరికీ తెలిసి ఉండాలి. తెలుగు పల్లెల నుంచి వలస వచ్చి ఈ నగరాన్ని కట్టిన కామాటి కూలీల పేరు అది. తర్వాత మన నేతపనివారు వచ్చి బట్టల మిల్లులలో చేరారు. మా నాన్నగారు కూడా మిల్లు కార్మికులే. ఆ తరంవారు వ్యాయామం అనే మాట ఎత్తి ఎరగరు. ఎనిమిది గంటలు మగ్గాల మధ్య నిలబడి, తిరిగి, నడిచి ఇల్లు చేరిన మనిషికి వేరే వ్యాయామం దేనికి? పళ్ళెం నిండా అన్నం తిన్నా, నాలుగు జొన్నరొట్టెలు తిన్నా ఆ పనికే ఖర్చయిపోయేది. వారి జీవితం సుఖంగా సాగిందని నేను అనను. కాని జమా ఎంతో ఖర్చూ అంతే ఉండేది.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. ఆ తర్వాతి సంవత్సరాలలో మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మనవాళ్ళు కూర్చుని చేసే పనులలోకి వచ్చారు. కొందరికి కౌంటరు, కొందరికి కుట్టుమిషను, కొందరికి టాక్సీ, ఇప్పటివారికి కంప్యూటరు. పని మారింది, పళ్ళెం మారలేదు. పైగా వడాపావ్, చల్లని సీసా పానీయాలు, ప్యాకెట్ తినుబండారాలు వచ్చి కలిశాయి. వర్లీ బీడీడీ చాళ్ళలో 160 చదరపు అడుగుల ఖోలీలలో బతికిన కుటుంబాలకు 2025 ఆగస్టు నుంచి టవర్లలో 500 చదరపు అడుగుల ఇళ్ళ తాళాలు ఇస్తున్నారు. ఎంతో సంతోషం. మన గల్లీలకూ ఆ రోజు రావాలనే కోరుకుందాం. అయితే కొత్త ఇంటితోపాటు లిఫ్టు కూడా వస్తుంది. మెట్లెక్కే ఆ కాస్త శ్రమా తప్పిపోతుంది.

దీని ఫలితం ఏమిటో లెక్కలు చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే వివరాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13 కోట్లకు పైగా దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మేము లావుగా లేము కదా" అని కొందరు అనుకోవచ్చు. పుణే వైద్యులు డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యులు డాక్టర్ యడ్కిన్ కలిసి తమ శరీరాలనే కొలుచుకుని 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. ఎత్తుకు తగ్గ బరువు లెక్కలో ఇద్దరిదీ ఒకటే అంకె, 22.3. ఒంటిలో కొవ్వు మాత్రం ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం! మనవాళ్ళు పైకి సన్నగా కనిపించినా కొవ్వు పొట్ట దగ్గర చేరుతుంది. కాబట్టి కాటా ఒక్కటే చాలదు, టేపు కావాలి. మన దేశపు పెద్దవారిలో నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని వైద్యులు చెబుతున్నారు. ఇది ఎదిగే పిల్లలకు వర్తించదు. పిల్లల బరువు గురించి అనుమానం ఉంటే డాక్టరుకు చూపించండి, అన్నం మాన్పించకండి.

చదువుల సభలో ఇదంతా ఎందుకంటారా? మా చాల్లో ఒక కుటుంబం ఉండేది. తండ్రి డ్రైవరు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నట్టే ఆయనకు తెలియదు. కాలికి తగిలిన చిన్న దెబ్బ మానక, 47వ ఏట ఉద్యోగం పోయింది. పెద్దబ్బాయి కాలేజీ రెండో సంవత్సరంలో చదువు మాని పనిలో చేరాడు. ఒకే జీతం మీద నడిచే ఇంటికి జబ్బు వస్తే ముందుగా ఆగిపోయేది పిల్లల ఫీజే. అందుకే తండ్రి ఆరోగ్యం కూడా ఒక ఉపకార వేతనమే అని నేనంటాను.

మైదానం లేదు, ఖోలీ ఇరుకు, డ్యూటీ పన్నెండు గంటలు అని మీరు చెబితే ఒప్పుకుంటాను. అవేవీ మీ తప్పులు కావు. లావుగా ఉన్నవారిని ఎగతాళి చేయడం కూడా మహా పాపం. కాని మన చేతిలో ఉన్న భాగం మనదే. చాల్లో నల్లా ఉమ్మడి, గ్యాలరీ ఉమ్మడి, పెళ్ళి వచ్చినా చావు వచ్చినా ఖర్చు ఉమ్మడి. శరీరం అనే ఖాతాకు మాత్రం జాయింటు హోల్డరు ఉండరు. మీ బదులు మరొకరు సంతకం పెట్టడానికి వీల్లేదు.

పక్కనే ఉన్న నాగ్‌పాడా చూడండి. అదీ ఇరుకు పేటే. అక్కడి కోర్టులో ఆడి పెరిగిన అబ్బాస్ మొంతసిర్ భారత బాస్కెట్‌బాల్ జట్టుకు కెప్టెన్ అయ్యారు, 1970లో అర్జున అవార్డు అందుకున్నారు. అందరూ కెప్టెన్లు కానక్కరలేదు. జాగా తక్కువైనా శరీరాన్ని పెంచుకోవచ్చని తెలిస్తే చాలు.

ఇక లెక్క చూద్దాం. రోజుకు ఐదు కప్పుల టీ, కప్పుకు రెండు చెంచాల చక్కెర. మొత్తం పది చెంచాలు, సుమారు 200 కేలరీలు. అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 150. అంటే జమాను తగ్గించకుండా ఖర్చు ఒక్కటే పెంచితే ఖాతా సరిపోదు. చెంచాను సగం చేయండి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. అన్నం ఒక గరిటె తగ్గించి, ఆ చోట పప్పు, ఆకుకూర పెంచండి.

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలనీ, పిల్లలు రోజుకు గంటసేపు ఆడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా ఉద్యోగ కాలంలో సాయంత్రం ఫోర్టు నుంచి ఇంటికి నడిచి వచ్చేవాడిని, గంటలోపే. బస్సు టిక్కెట్టు డబ్బు కూడా మిగిలేది. ఆదివారం కుటుంబమంతా చౌపాటీకి నడిచి వెళ్ళండి, భేల్ తినకుండా వస్తే మరీ మంచిది!

తల్లులకు ఒక మనవి. పారేయడం ఇష్టంలేక పిల్లలు వదిలిన అన్నం మీరు తినకండి, ముందే తక్కువ వండండి. తండ్రులకు ఒక మనవి. ఆడపిల్లకు పదమూడేళ్ళు రాగానే ఆట మాన్పించకండి. యువకులకు ఒక మాట. నెలలో ఒళ్ళు తయారవుతుందని జిమ్ములో ఎవరైనా ఇంజెక్షను చూపిస్తే, నెలలో సొమ్ము రెట్టింపు చేస్తామనే చిట్‌ఫండు వాడిని గుర్తు చేసుకోండి.

ఈ సాయంత్రమే పెద్దలందరూ నడుము కొలుచుకుని, తేదీ వేసి క్యాలెండరు మీద రాసుకోండి. ప్రతి నెలా అదే తేదీన మళ్ళీ కొలవండి. ముప్పై దాటినవారు ఒకసారి మునిసిపల్ దవాఖానాలో బీపీ, షుగరు చూపించుకోండి. వచ్చే సంవత్సరం ఈ పిల్లలు మరిన్ని మార్కులతో ఇక్కడికి రావాలి. వారి వెంట మీరూ ఆరోగ్యంగా, మెట్లెక్కి రావాలని కోరుకుంటున్నాను.